నిలవ నీటిలో ట్రౌట్, చేతిలో చౌక రాడ్: ఫ్లై ఫిషింగ్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఉండే తెలుగువాళ్లకి రట్లండ్ వాటర్ అనే పెద్ద రిజర్వాయర్ కొత్త కాదు. ఎండ కాస్తే చాలు, పులిహోర డబ్బాలు, పిల్లల సైకిళ్లు కార్లో వేసుకుని వచ్చేస్తారు. నార్మంటన్ చర్చి దగ్గర ఫోటోలు దిగి, గట్టు వెంట నడుస్తూ నడుస్తూ, మోకాలి లోతు నీళ్లలో నిలబడి తాడుని గాల్లో ముందుకీ వెనక్కీ ఊపుతున్న మనిషి దగ్గర ఆగుతారు. ఆ మనిషి తెలుగువాడని తెలిశాక అడిగేవి రెండే ప్రశ్నలు. "అన్నా, ఆ తాడు అలా ఎందుకు ఊపుతున్నారు?" ఇది మొదటిది. "మొత్తం ఎంతవుతుంది?" ఇది రెండోది.

రెండో ప్రశ్నకి జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది. తాడుని ఎందుకు ఊపుతారో అర్థమైతే, షాపులో అరవై పౌండ్ల రాడ్ (గాలం కర్ర) పక్కనే ఎనిమిది వందల పౌండ్ల రాడ్ ఎందుకుందో, వాటిలో మనకి ఏది కావాలో తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. అది అర్థం కాకుండా కొంటే తప్పుడు వస్తువు మీద డబ్బు పోస్తాం. నేనూ అలాగే పోశాను, ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ఎరకి బరువు లేదు, బరువంతా తాడులోనే

చిన్నప్పుడు చెరువు గట్టున గాలం వేసినవాళ్లకి ఒక లెక్క చేతికి తెలిసే ఉంటుంది. కొక్కేనికి వానపామునో పిండిముద్దనో గుచ్చి, పైన బెండు, కింద చిన్న సీసం గుండు కట్టి విసురుతాం. గుండు ముందు వెళ్తుంది, దారం దాని వెనక పోతుంది.

ఫ్లై ఫిషింగ్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఎరని ఫ్లై అంటారు. చిన్న కొక్కేనికి దారం, ఈకలు, కుందేలు బొచ్చు చుట్టి పురుగులాగో చేపపిల్లలాగో తయారుచేస్తారు. అరచేతిలో పెడితే బరువే తెలియదు. చేత్తో విసిరితే రెండు గజాలు కూడా పోదు. అందుకని బరువుని తాడులో పెట్టారు. ఫ్లై లైన్ అంటే లోపల సన్నని పేట, దాని మీద ప్లాస్టిక్ పూత ఉన్న మందపాటి తాడు. రాడ్‌ని వెనక్కి ఊపితే ఆ లైన్ గాల్లో వెనక్కి పరుచుకుంటుంది, దాని బరువుకి రాడ్ విల్లులా వంగుతుంది. ముందుకి తెచ్చి టక్కున ఆపితే వంగిన రాడ్ నిటారై లైన్‌ని ముందుకి తోస్తుంది. ఫ్లై ఆ లైన్ చివర వేలాడుతూ వెళ్తుంది, అంతే.

వెనక్కి వెళ్లిన లైన్ పూర్తిగా చాపుకునే వరకూ ఆగాలి. కొత్తవాళ్లకి ఇదే కష్టం. ఆగకుండా ముందుకి లాగితే కొరడా చెళ్లుమన్నట్టు శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినిపించాక లైన్ చేతిలోకి తీసుకుని చూస్తే చాలాసార్లు చివర ఫ్లై ఉండదు, తెగిపోయి ఉంటుంది. బలం పెంచినకొద్దీ దూరం పెరగదు, చిక్కులు పెరుగుతాయి. నాకు నేర్పిన పెద్దాయనకి డెబ్బై దాటాయి. మోచేయి ఒంటికి ఆనించుకుని, తలుపు మీద సున్నితంగా తట్టినట్టు ఊపేవాడు. ఇరవై గజాలు అలవోకగా పోయేది.

డబ్బా మీద రాసిన అక్షరాలు, ఒక తులం లెక్క

లైన్ డబ్బా మీద 'డబ్ల్యూఎఫ్ 7 ఎఫ్' అని ఉంటుంది. మొదటి రెండక్షరాలు లైన్ ఆకారం చెప్తాయి. 'డబ్ల్యూఎఫ్' అంటే బరువంతా ముందు భాగంలో ఉందని. 'డీటీ' అని ఉంటే రెండు కొసలూ ఒకేలా సన్నబడతాయి, ఒక కొస పాడైతే తిప్పి వాడుకోవచ్చు. చివరి అక్షరం 'ఎఫ్' అయితే నీటి మీద తేలుతుంది, 'ఎస్' అయితే మునుగుతుంది, 'ఐ' అయితే చాలా నెమ్మదిగా మునుగుతుంది.

మధ్యలో ఉన్న అంకె దగ్గరే అందరూ తికమకపడతారు. అది లైన్ బరువు. అమెరికాలోని టాకిల్ (చేపల వేట సామాన్ల) తయారీదారుల సంఘం 1960 ప్రాంతంలో ఒక పద్ధతి పెట్టింది: లైన్ మొదటి 30 అడుగులు తూచి, ఆ బరువుకి ఒక నంబరు ఇవ్వడం. బరువు కొలిచేది గ్రెయిన్లలో. అయిదో నంబరు లైన్ 140 గ్రెయిన్లు, ఆరో నంబరు 160, ఏడో నంబరు 185, ఎనిమిదో నంబరు 210.

గ్రెయిన్ అంటే మనకి వెంటనే తట్టదు గానీ తులం తెలుసు. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. అంటే ఏడో నంబరు లైన్ ముందు భాగం బరువు ఒక తులం బంగారం కన్నా కాస్త ఎక్కువ, 12 గ్రాములు. అయిదో నంబరు 9 గ్రాములు. ఒక తులం బరువుని 30 అడుగుల పొడవునా పరిచి గాల్లో ఊపుతున్నాం అనుకోండి, ఆ ఆట మొత్తం కళ్లకి కడుతుంది. రాడ్ మీద కూడా 7 అని రాసి ఉంటే, ఈ తులం బరువుకి సరిగ్గా వంగేలా దాన్ని చేశారని అర్థం.

పెద్ద రిజర్వాయర్ల మీద గాలి ఎక్కువ. అందుకే అక్కడ తొమ్మిదిన్నర, పది అడుగుల రాడ్, ఏడో నంబరు లైన్ మామూలు. ఎకరం, రెండెకరాల చిన్న చెరువుల మీద తొమ్మిదడుగుల రాడ్, అయిదో ఆరో నంబరు సరిపోతుంది. ఒక్కటే కొనాలి, రెండు చోట్లా వాడాలి అనుకుంటే ఆరో ఏడో మధ్య కొట్టుకోవాలి. నేనైతే ఏడే తీసుకోమంటాను. చిన్న చెరువులో అది కాస్త మోటుగా ఉంటుంది, కానీ పెద్ద నీటి మీద ఎదురుగాలిలో అయిదో నంబరుతో నిలబడటం కన్నా అది నయం.

ఇక్కడో చిక్కుంది. లైన్లకి కొలత ఉంది గానీ, రాడ్ మీద వేసే నంబరుకి అలాంటి కచ్చితమైన కొలత లేదు, అది తయారీదారు అంచనా. పైగా ఈ మధ్య చాలా కంపెనీలు లైన్‌ని కూడా రాసిన నంబరు కన్నా అర సైజు, ఒక సైజు బరువుగానే చేస్తున్నాయి, గట్టి రాడ్లు త్వరగా వంగాలని. కాబట్టి 7 రాడ్ మీద 7 లైన్ వేసినా కొన్నిసార్లు జత కుదరదు. డబ్బా వెనక గ్రెయిన్లలోనో గ్రాముల్లోనో అసలు బరువు రాసి ఉంటే దాన్నే నమ్మాలి.

నీరు కదలనప్పుడు చేప ఎక్కడుంటుంది

ఏటిలో ట్రౌట్ ఒకచోట ఆగి ఉంటుంది, ప్రవాహం దాని నోటి దగ్గరికి తిండి తెస్తుంది. నిలవ నీటిలో తెచ్చేవాళ్లు లేరు, చేపే తిరగాలి. రట్లండ్ వాటర్ మూడు వేల ఎకరాలకు పైగా ఉంటుంది. గ్వాష్ లోయకి అడ్డంగా ఎంపింగ్‌హామ్ దగ్గర ఆనకట్ట కట్టి 1970ల్లో నింపారు, చేపల వేటకి 1977లో తెరిచారు. ఇంత నీటి ముందు నిలబడితే ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన, ఇంకొంచెం దూరం విసరగలిగితే బాగుండు అని. కానీ ఇక్కడ తేడా తెచ్చేది చాలావరకు లోతు.

దానికి కారణం ఉష్ణోగ్రత, వెలుతురు. ట్రౌట్ చల్లని నీటి చేప. నీరు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటే చురుగ్గా తింటుంది. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గిపోతుంది: 10 డిగ్రీల దగ్గర లీటరుకి 11 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, 20 డిగ్రీలకు వచ్చేసరికి 9 దగ్గరికి పడిపోతుంది. ఏప్రిల్‌లో ఒడ్డు పక్కన అయిదడుగుల నీటిలో తిరిగిన చేప, జూలై మధ్యాహ్నం లోతుకి పోయిందంటే అందుకే. మరీ లోతుకీ పోలేదు. ఎండాకాలం లోతైన రిజర్వాయర్లలో వేడి నీరు పైన, చల్లని బరువైన నీరు కింద పొరలుగా విడిపోతాయి, అట్టడుగు పొరలో ఆక్సిజన్ తరిగిపోవచ్చు. అందుకని చేప మధ్యలో ఎక్కడో వేలాడుతుంది.

తిండి కూడా పైకీ కిందకీ తిరుగుతుంది. డాఫ్నియా అనే, కంటికి చుక్కల్లా కనిపించే జీవులు, ఎండ కాస్తే లోతుకి దిగుతాయి, మబ్బు పడితే పైకొస్తాయి. వాటిని మేసే ట్రౌట్ వాటి వెంటే దిగి, వాటి వెంటే లేస్తుంది. ఉదయం దొరికిన లోతులోనే మధ్యాహ్నం కూడా వేస్తూ, "చేపలు వెళ్లిపోయాయి" అని సర్దుకుని ఇంటికి పోయేవాళ్లని చూస్తుంటాను. పదడుగులు కిందకి దిగాయి, అంతే.

మరి ఆ లోతుకి ఫ్లైని ఎలా దింపాలి? మునిగే లైన్ల మీద ఒక అంకె ఉంటుంది, సెకనుకి ఎన్ని అంగుళాలు మునుగుతుందో చెప్పేది. 'డీఐ 3' అంటే మూడు అంగుళాలు, 'డీఐ 5' అంటే అయిదు, 'డీఐ 7' అంటే ఏడు. నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ లైన్ సెకనుకి ఒకటి, ఒకటిన్నర అంగుళాలు. ఇక మిగిలింది ఎక్కాల పుస్తకం లెక్కే. పదడుగులంటే 120 అంగుళాలు. డీఐ 5 లైన్‌కి 24 సెకన్లు పడుతుంది, డీఐ 3కి 40, ఒకటిన్నర అంగుళాల ఇంటర్మీడియట్‌కి 80 సెకన్లు.

దీన్ని నీటి దగ్గర ఎలా వాడతారో చూడండి. లైన్ నీటి మీద పడగానే మనసులో ఒకటి, రెండు అని లెక్క మొదలుపెడతారు. మొదటిసారి పదికి ఆపి లాగడం మొదలుపెడతారు. ఏమీ లేదు. రెండోసారి పదిహేను, మూడోసారి ఇరవై. ఇరవై అయిదుకి ఫ్లైకి నాచు తగిలి వచ్చిందనుకోండి, అడుగు తెలిసిపోయింది. ఇరవై రెండుకి ఒక లాగుడు తగిలిందనుకోండి, ఇక ఆ రోజు ఇరవై రెండే మీ అంకె, మబ్బు పట్టే వరకూ. లైన్ కన్నా దాని చివర ఉన్న తేలికపాటి ఫ్లై కాస్త ఆలస్యంగా దిగుతుంది కాబట్టి లోతు అంగుళాల లెక్కన కచ్చితంగా రాదు. అయినా ఫరవాలేదు. మళ్లీ మళ్లీ అదే చోటికి ఫ్లైని చేర్చగలగడం ముఖ్యం, దానికి ఒంట్లు చక్కగా లెక్కపెట్టగలిగితే చాలు.

గాలి సంగతి కూడా చెప్పాలి. గాలి పైనీటిని, దానితో పాటు తిండిని ఎదురు ఒడ్డుకి నెడుతుంది. అక్కడ చేపలుంటాయి. కానీ అక్కడ నిలబడితే గాలి మన మొహానికి కొడుతుంది, లైన్ వెనక్కొస్తుంది. కొత్తవాళ్లు గాలి వీపుకి తగిలేలా నిలబడటమే మంచిది. కుడిచేతి వాళ్లు గాలి కుడివైపు నుంచి వస్తుంటే అస్సలు వేయకూడదు, కొక్కెం చెవికో చెంపకో వస్తుంది. టోపీ, కళ్లజోడు లేకుండా రాడ్ ముట్టుకోవద్దు. ఈ రెండూ చౌకే.

తెల్ల గిన్నెలో చెంచాడు నీళ్లు

చేప ఏం తింటోందో కనుక్కోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. ఇంటికి తీసుకెళ్దామని చంపిన చేప గొంతులోకి పొడవాటి సన్నని చెంచా దింపి, మెల్లగా తిప్పి, కడుపులో ఉన్నది బయటికి తీస్తారు. మొదటిసారి ఆ పెద్దాయన నాకు చేసి చూపించాడు. తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో కాసిని నీళ్లు పోసి, చెంచా అందులో కలిపాడు. నల్లటి ముద్ద విడివడింది. ఒక్కొక్కటీ కామాలా వంగిన చిన్న పురుగులు, సెంటీమీటరు లోపే. తల దగ్గర లావు, తోక వైపు సన్నం, నల్లటి ఒంటి మీద సన్నని గీతలు, తల మీద తెల్లటి నూలుపోగుల్లాంటి కుచ్చు. రెండు ఇంకా మెలికలు తిరుగుతున్నాయి. ఆయన తన పెట్టెలోంచి ఒక ఫ్లై తీసి వాటి పక్కన పడేశాడు. నల్ల దారం, వెండి తీగ, తెల్ల కుచ్చు. ఏది పురుగో ఏది కొక్కెమో ఒక క్షణం తెలియలేదు.

వాటిని ఇక్కడ బజర్లు అంటారు. కుట్టని ఒక రకం దోమల ప్యూపాలు. పెద్దవయ్యాక గుంపులుగా ఎగురుతూ చేసే రొద వల్ల ఆ పేరు. వీటి లార్వాలు అడుగు బురదలో ఉంటాయి, చాలావాటికి మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే ఉండటం వల్ల ఎర్రగా కనిపిస్తాయి. ప్యూపా దశలో మెల్లగా పైకి లేస్తాయి, నీటిపొరని చీల్చుకుని రెక్కలతో బయటపడతాయి. ఆ పైకి లేచే దారిలోనే ట్రౌట్ వాటిని ఏరుకుంటుంది. అవి ఈదుతూ పరిగెత్తవు. కాబట్టి మన ఫ్లై కూడా పరిగెత్తకూడదు. తేలే లైన్, పదిహేనడుగుల లీడర్ (లైన్ చివర కట్టే సన్నదారం), గాలికి లైన్ దానంతటదే జరుగుతూంటే ఊరికే ఆనుకుని ఉండటం, మహా అయితే ఎడమచేతి వేళ్లతో లైన్‌ని ఎనిమిది అంకె ఆకారంలో అరచేతిలోకి చుట్టుకుంటూ పోవడం. దీనికి ఖరీదైన సరంజామా దేనికి?

ఇలా చేప కడుపు చూసి ఫ్లై ఎంచుకునే పద్ధతిని నిలవ నీటికి తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు డాక్టర్ హోవర్డ్ బెల్. బ్రిస్టల్ దగ్గర బ్లాగ్డన్ చెరువు మీద 1904 నుంచి ట్రౌట్ వేట ఉంది. మొదట్లో అక్కడ సాల్మన్‌కి వాడే పెద్ద పెద్ద రంగుల ఫ్లైలు, బరువైన రాడ్లు వాడేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ చుట్టుపక్కలే వైద్యం చేస్తూ స్థిరపడిన బెల్, చేపల కడుపులు చూసి చిన్న చిన్న నింఫ్‌లు (నీటిలోని పిల్ల పురుగుల్లాంటి ఫ్లైలు) తయారుచేసుకున్నాడు. నెమ్మదిగా లాగేవాడు. పెద్దగా ప్రచారం కోరుకోని మనిషి. ఆయన చేసిన గ్రెనేడియర్, అంబర్ నింఫ్ ఇప్పటికీ జనం పెట్టెల్లో ఉన్నాయి.

ఎర పురుగులా ఉండాలా, మెరవాలా?

ఇక్కడ రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం బెల్ దారి: ఉన్న పురుగుని అనుకరించాలి. బజర్లు, ఫెజెంట్ టెయిల్ నింఫ్, వేల్స్ భాషలో 'చిన్న దెయ్యం' అని అర్థమొచ్చే డియావల్ బాక్, ఇవి వాళ్ల సరుకు. రెండో వర్గం లూర్లు వాడుతుంది: తెల్ల ఈక, ఆకుపచ్చ ఒళ్లు ఉన్న క్యాట్స్ విస్కర్, నురుగు కళ్లతో తేలే బూబీ, నారింజ రంగు ముద్దలా ఉండే బ్లాబ్. ఇవి దేనిలాగానూ పెద్దగా కనిపించవు, చేప కోపానికో కుతూహలానికో వాటిని పట్టుకుంటుంది.

మొదటి వర్గం అనేదేమిటంటే, లూర్‌తో పట్టడంలో చేప గురించి నేర్చుకునేది తక్కువ అని. రెండో వర్గం జవాబు కూడా బలమైనదే. ఈ నీళ్లలో ఎక్కువ చేపలు రెయిన్‌బో ట్రౌట్లు. ఇవి ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం నుంచి 1880ల్లో బ్రిటన్‌కి వచ్చినవి, ఇక్కడ సహజంగా పిల్లలు పెట్టడం చాలా అరుదు. ఫారంలో గుళికల మేత తిని పెరిగి, మొన్ననే ట్యాంకరులో వచ్చి పడిన చేపకి బజర్ అంటే ఏమిటో ఇంకా తెలియదు. దానికి మెరిసేదే తిండిలా కనిపిస్తుంది. కొన్ని వారాలు గడిచి పురుగులు తినడం నేర్చిన చేపకి బజర్ నప్పుతుంది. అంటే రెండు వర్గాలూ వేర్వేరు చేపల గురించి మాట్లాడుతున్నాయి. నాకు బజర్ మీదే మనసు. అయినా పిల్లల్ని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు వాళ్ల లైన్‌కి కట్టేది క్యాట్స్ విస్కరే.

ఖరీదైన రాడ్ ఏమిస్తుంది, ఏమివ్వదు

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. నేను మొదట ఆన్‌లైన్‌లో ఒక సెట్టు కొన్నాను. రాడ్, రీల్, లైన్ అన్నీ కలిపి ఒకే పెట్టెలో. మూడు వారాలు పోరాడాను. లైన్ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని రాడ్ పొడవునా ఉండే రింగుల్లో ఇరుక్కునేది, పది గజాలు దాటేది కాదు. తప్పు రాడ్‌దే అనుకుని ఇంకో రాడ్ కొన్నాను, రెండింతల ధరకి. ఏ తేడా లేదు. అప్పుడు పెద్దాయన తన లైన్ విప్పి నా పాత రాడ్‌కి ఎక్కించి విసిరాడు. పద్దెనిమిది గజాలు పోయింది. నా డబ్బు పోయింది రాడ్‌కి, పోవాల్సింది లైన్‌కి.

ఖరీదైన రాడ్లని సమర్థించేవాళ్ల మాటలో నిజముంది. 1970ల్లో కార్బన్ ఫైబర్ రాడ్లు వచ్చాక తేలికైన రాడ్ తయారీ బాగా ముందుకి పోయింది. మంచి రాడ్ బరువు తక్కువ, ఊపాక వణుకు త్వరగా ఆగుతుంది, లైన్ చక్కగా పోతుంది. రోజంతా పడవలో కూర్చుని వందలసార్లు వేసేవాళ్ల భుజానికి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. విరిగితే భాగం మార్చి ఇచ్చే గ్యారంటీ కూడా ఉంటుంది. ఇంకో వాదన ఏమిటంటే, అప్పటి ఖరీదైన రాడ్లలో వాడిన కార్బన్, రింగులు, జాయింట్ల పనితనం ఇప్పుడు చౌక రాడ్లలోకి కూడా దిగింది కాబట్టి మొదటి రెండు మూడేళ్లు నేర్చుకునేవాడి చేతిలో ఆ తేడా బయటపడదు అని. నేను ఈ రెండో వైపు. ఇరవై గజాలు శుభ్రంగా వేయడం రానివాడికి ముప్పై గజాల రాడ్ ఇరవై గజాలు ఇవ్వదు.

రీల్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. నిలవ నీటి ట్రౌట్‌కి అది చాలావరకు లైన్ దాచుకునే చక్రం. లైన్, దాని వెనక యాభై మీటర్ల బ్యాకింగ్ దారం పట్టాలి, చేప పరిగెత్తితే తడబడకుండా తిరగాలి. అంతకుమించి అక్కర్లేదు.

లైన్ దగ్గర మాత్రం వెనకాడొద్దు. మడతలు పడని, రింగుల్లోంచి జారే, సరిగ్గా తేలే లైన్ ఒకటి. వాడే ముందు గజం గజం చొప్పున రెండు చేతులతో సాగదీస్తే చుట్టలు పోతాయి, ఇంటికొచ్చాక గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిస్తే ఏళ్లు వస్తుంది. డబ్బు మిగిలితే రెండోది ఇంటర్మీడియట్.

ఒక ఊహా లెక్క వేద్దాం. రాడ్ 60 పౌండ్లు, రీల్ 25, లైన్ 40, లీడర్ దారాలు 12, ఫ్లైలు 15, వల 18 అనుకోండి. మొత్తం 170. ఏడాదిలో పన్నెండుసార్లు వెళ్లి, రోజు టికెట్‌కి 30 చొప్పున కడితే 360. కలిపి 530. ఇప్పుడు అదే లెక్కలో రాడ్ ఒక్కటి మార్చి 600 పౌండ్లది పెట్టండి. మొత్తం 1,070 అవుతుంది. ఎక్కువైన 540 పౌండ్లతో ఇంకో పద్దెనిమిది రోజులు నీటి దగ్గర గడపొచ్చు. చెయ్యి తిరిగేది ఆ పద్దెనిమిది రోజుల్లోనే. టికెట్ ధరలు చోటుని బట్టి మారతాయి, ఇంకా ఇంగ్లండ్, వేల్స్‌లో 13 ఏళ్లు నిండినవాళ్లకి ప్రభుత్వ రాడ్ లైసెన్స్ తప్పనిసరి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకి అది ఉచితమే గానీ, తీసుకోవడం మాత్రం తీసుకోవాలి.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఇంకా తగ్గుతుంది. రాడ్ ముక్కలు కలిసే జాయింట్ దగ్గర పగుళ్లున్నాయా, రింగుల్లో లైన్ రాసుకుని గాడి పడిందా అని గోరుతో తడిమి చూసుకోవాలి. గాడి పడితే కొత్త లైన్‌ని కోసేస్తుంది.

సన్నదారం దగ్గర తలకిందులైన నంబర్లు

మందపాటి లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని, కనిపించీ కనిపించని దారం లీడర్, దాని చివరి భాగం టిప్పెట్. దీని మీద 4ఎక్స్, 5ఎక్స్ అని ఉంటుంది. ఇక్కడ అంకె పెరిగితే దారం సన్నబడుతుంది. లెక్క సులువు: 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 4ఎక్స్ అంటే 7, అంటే 0.007 అంగుళం, 0.18 మిల్లీమీటర్లు. 5ఎక్స్ అంటే 0.15. కొక్కేల నంబర్లూ ఇంతే, 14 కన్నా 10 పెద్దది.

ఫ్లోరోకార్బన్ మంచిదా, నైలాన్ మంచిదా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఫ్లోరోకార్బన్ నైలాన్ కన్నా బరువు, త్వరగా మునుగుతుంది, ధర ఎక్కువ. నీటి పైన తేలే ఫ్లైలకి నైలాన్, లోపల వేసేవాటికి ఫ్లోరోకార్బన్ అనుకుంటే చాలు. ఏది వాడినా ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది. గాలికి మధ్యలో దానంతటది పడే ముడి కనిపిస్తే విప్పుతూ కూర్చోవద్దు, కోసి కొత్తది కట్టండి. అలాంటి ముడి దగ్గర దారం బలం సగానికి పడిపోవచ్చు.

పట్టిన చేపని ఏం చేయాలి?

మనవాళ్లకి ఇది వింతగా అనిపించే విషయం. పట్టిన చేపని మళ్లీ వదిలేయడమేంటి అని మా అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంది. ఇంగ్లండ్‌లో టికెట్లు రెండు రకాలు: ఇన్ని చేపలు తీసుకెళ్లొచ్చు అనేది ఒకటి, పట్టి వదిలేయాలి అనేది ఇంకొకటి. వదిలే టికెట్ సాధారణంగా చౌక, దానికి ముల్లు లేని కొక్కెం పెట్టాలంటారు.

వదిలేయాలనేవాళ్లు, ఒక చేప పది మందికి ఆనందం ఇస్తుంది, నీటిలో చేపలు మిగులుతాయి అంటారు. తీసుకెళ్లాలనేవాళ్లు, తినడానికి కాకపోతే ఒక జీవిని అలా పెనుగులాడించడం ఎందుకు, పైగా వేడి నీటిలో వదిలిన చేప బతుకుతుందన్న నమ్మకం లేదు అంటారు. ఈ చివరి మాట గట్టిది. నీరు 20 డిగ్రీలు దాటితే, పోరాడి అలిసిన ట్రౌట్‌కి కోలుకునేంత ఆక్సిజన్ అందకపోవచ్చు. అందుకే ఎండాకాలంలో కొన్ని చోట్ల పట్టి వదలడాన్ని ఆపేస్తారు. నా మట్టుకు నేను చల్లని నీటిలో వదులుతాను, అదీ చేపని నీటిలోంచి తీయకుండా, వల్లోనే కొక్కెం విప్పి. వేసవిలో అయితే రెండు పట్టాక రాడ్ సర్దేస్తాను. ఇంటికి తెచ్చుకునే చేపని ఒడ్డున కొట్టుకోనివ్వకూడదు. అందుకని ప్రీస్ట్ అనే చిన్న దుడ్డుకర్ర ఉంటుంది, తల మీద ఒక్క దెబ్బ. ఆ ట్రౌట్‌కి ఉప్పు, కారం, పసుపు పట్టించి పెనం మీద వేయిస్తే అత్తయ్య ప్రశ్నలు తగ్గుతాయి. పులుసుకి మాత్రం అంత బాగుండదు, మెత్తటి కండ, విడిపోతుంది.

మన వైపు దీనికి చోటుందా?

ఆంధ్ర, తెలంగాణ మైదానాల చెరువుల్లో ట్రౌట్ బతకదు, ఎండాకాలం ఆ నీటి వేడి దానికి ప్రాణాంతకం. దక్షిణాదిన దానికి దొరికిన చోటు నీలగిరులు, మున్నార్ కొండలు. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా కలిసి ఉన్న పాత మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లోనే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఊటీ దగ్గర అవలాంచిలో ట్రౌట్ పిల్లల్ని పెంచే కేంద్రం పెట్టారు. అక్కడి ఏరుల్లో, ఎత్తైన రిజర్వాయర్లలో రెయిన్‌బో ట్రౌట్ నిలదొక్కుకుంది. అదంతా అడవి ప్రాంతం కాబట్టి రాడ్ పట్టుకుని వెళ్లే ముందు మత్స్యశాఖ, అటవీశాఖల అనుమతి సంగతి కనుక్కోవాలి.

రట్లండ్ ఒడ్డున ప్రశ్నలడిగిన కుర్రాళ్లలో ఒకడు కిందటేడు సెకండ్‌హ్యాండ్ రాడ్ కొనుక్కున్నాడు. లైన్ మాత్రం కొత్తది, ఏడో నంబరు. మొన్న మే నెలలో సాయంత్రం నా పక్కనే నిలబడి పైకి వినిపించేలా లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఇరవై ఒకటి అనలేదు.